పలకయు, కంప్యూటరును

తెలుగునాట అక్షరాభ్యాసమునకు పలకయే మొదటి పనిముట్టు. నల్లని రాతిపలక, దానికొక కొయ్యచట్రము, చేతిలో బలపము - ఇంతే సామగ్రి. వ్రాయవచ్చును, తుడువవచ్చును, మరల వ్రాయవచ్చును. నేడు పిల్లలచేతికి మరియొక పలక వచ్చినది. దానిని టాబ్లెటు అందురు. ఆ ఆంగ్లపదమునకును చిన్నపలక యనియే అర్థము. ఐనను ఈ రెండింటికిని ఒక గొప్ప భేదము కలదు. రాతిపలకపై ఏదైన వ్రాసిననే గాని చూచుట కేమియు నుండదు. గాజుపలకనన్ననో, ఒక్క అక్షరమైనను వ్రాయకయే దినమంతయు చూచుచు కూర్చుండవచ్చును.

నిత్యజీవితమునకు కావలసిన పనులన్నిటికిని ఈ టాబ్లెటు చాలునా? లేక బల్లపై నుంచు కంప్యూటరో, మడిచి సంచిలో పెట్టుకొను లాప్‌టాపో ఉండియే తీరవలెనా? రెండును కొనగలవారికి ఈ ప్రశ్నతో పనిలేదు. పంట అమ్మిన సొమ్ములో కొంత మిగిల్చి, పిల్లల చదువునకై ఏదో యొక్క యంత్రమును మాత్రమే కొనగల గృహస్థునకు ఇది చిన్న ప్రశ్న కాదు. ఒకమారు కొనిన పిమ్మట ఐదారేండ్లవరకు మరియొకటి కొనుట ఆ ఇంట జరుగదు. అంతలో బిడ్డ చదువులో ముఖ్యమైన భాగము ముగిసిపోవును.

వ్యక్తిగత కంప్యూటరు పుట్టి అర్ధశతాబ్దము గడచినది. అంతకు పూర్వము కంప్యూటరనగా పెద్ద గదిని నింపు యంత్రము. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అను కంప్యూటరు, కొన్నవారే కూర్చుకొనవలసిన విడిభాగముల రూపమున అమ్మకమునకు వచ్చెను. 1977లో ఆపిల్ 2, 1981లో ఐ.బి.ఎమ్. సంస్థవారి పర్సనల్ కంప్యూటరు వెలువడినవి. ఎదుట తెర, దాని క్రింద కీబోర్డు, కొంతకాలమునకు ప్రక్కన మౌసు - ఈ మూడును కూడినదే కంప్యూటరని లోకము అలవాటుపడెను.

చిత్రమేమనగా, పలకవంటి కంప్యూటరును గూర్చిన ఊహ వీనికంటె ముందుది. ఆలన్ కే అను అమెరికా శాస్త్రజ్ఞుడు పాలో ఆల్టో నగరమున జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయములో పనిచేయుచు, 1972లో ఒక వ్యాసము వ్రాసెను. పిల్లలు చంకనిడుకొని పోదగిన ఒక యంత్రమును ఆయన అందు వర్ణించెను. దానికి డైనాబుక్ అని పేరు పెట్టెను. అది నోటుపుస్తకమంత యుండవలెను. బరువు రెండు కిలోగ్రాములకు లోపుగా నుండవలెను. ధర ఐదువందల డాలర్లకు మించరాదు. ఆ వ్యాసములో ఇద్దరు పిల్లల కథ యొకటి కలదు. వారు పచ్చికపై పరుండి డైనాబుక్కులపై అంతరిక్షనౌకల ఆట ఆడుచుందురు. ఆటలో సూర్యుడును లేడు, సూర్యుని ఆకర్షణశక్తియు లేదు. ఆ లోపము వారికి తోచినంతనే, ఆకర్షణశక్తిని గూర్చి తెలిసికొని, ఆటను నడపు సూచనలను తామే దిద్దుకొందురు. ఆనాడు అట్టి యంత్రమును నిర్మింప వలయు తెరయు లేదు, బ్యాటరీయు లేదు. కే అట్టతో ఒక నమూనాను చేసి చూపెను.

ఆ నమూనాకు ప్రాణము వచ్చుటకు చాలకాలము పట్టెను. 2002లో మైక్రోసాఫ్ట్ సంస్థ లేఖినితో వ్రాయదగిన టాబ్లెటు కంప్యూటర్లకై ప్రత్యేకమైన విండోసును విడుదల చేసెను. అవి బరువైనవి, ఖరీదైనవి. జనులు వానిని ఆదరింపలేదు. 2010 జనవరి 27వ తేదీన ఆపిల్ సంస్థకు చెందిన స్టీవ్ జాబ్స్ ఐప్యాడును లోకమునకు చూపెను. దాని బరువు 680 గ్రాములు. తెర కొలత 9.7 అంగుళములు. ఆరంభపు ధర 499 డాలర్లు. ఇంచుమించు నలువది సంవత్సరముల క్రిందట కే వేసిన లెక్క ఇట్లు సరిపోయెను. (ఈ నడుమ డాలరు విలువ మిక్కిలి తగ్గినదనుట మరువరాదు.)

మన దేశమున 2011 అక్టోబరులో కేంద్రప్రభుత్వము విద్యార్థులకొరకు ఆకాశ్ అను చౌకటాబ్లెటును ప్రకటించెను. దాని తెర ఏడంగుళములది. గట్టిగా నొక్కిననే గాని పలుకునది కాదు. దానికి కారణము కలదు. స్పర్శచే నడచు తెరలు ముఖ్యముగా రెండు విధములు. మొదటి విధమున పలుచని రెండు పొరలుండును. వ్రేలు నొక్కినపుడు పైపొర వంగి క్రిందిపొరను తాకును. ఆ తాకిన చోటునుబట్టి యంత్రము గుర్తించును. ఆకాశ్ తెర ఇట్టిది. రెండవ విధమున గాజునకు విద్యుద్వాహకమైన పారదర్శకపు పూత యుండును. మానవశరీరమును విద్యుద్వాహకమే కావున, వ్రేలు తగిలీ తగులకముందే అచ్చటి విద్యుత్‌స్థితి మారును. ఆ మార్పును కొలిచి యంత్రము స్థానమును నిర్ణయించును. నొక్కవలసిన పని లేదు. పలు వ్రేళ్లను ఒకేమారు గుర్తింపగలదు. నేటి టాబ్లెట్లన్నియు ఇంచుమించు ఈ జాతివే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును ఐదు లక్షలకు పైగా పంచిపెట్టిన టాబ్లెట్లును ఇట్టివే. వానియందు పాఠములు ముందుగనే నింపబడియుండెను.

టాబ్లెటు చేయు మేలు అల్పమైనది కాదు. దానిలో తిరుగు పంకా లేదు, గిరగిర తిరుగు డిస్కు లేదు. ఒకమారు చార్జి చేసినచో మంచి టాబ్లెటు ఎనిమిది, పది గంటలు పనిచేయును. కరెంటు పోయినంతనే ఆరిపోవు బల్లకంప్యూటరున్న పల్లెలో ఈ గుణము విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. పుస్తకము చదువుటకు, పాఠము వినుటకు, దూరదేశమున నున్న కుమారునితో ముఖము చూచుచు మాటలాడుటకు, విద్యుత్తుబిల్లు చెల్లించుటకు, పంటధరలు తెలిసికొనుటకు టాబ్లెటు చాలును; చాలుట మాత్రమే కాదు, కొన్నింటికి కంప్యూటరుకంటె మేలైనది. చూపు మందగించిన వృద్ధులు రెండు వ్రేళ్లతో అక్షరములను పెద్దవి చేసికొని చదువుకొందురు. మౌసు పట్టుట ఎన్నడును నేర్వనివారు సైతము ఒక పూటలో దీనిని వాడనేర్తురు. ఇట్టి పనులు మాత్రమే గల ఇంటికి కంప్యూటరు కొనుట వృథావ్యయము.

చిక్కు వ్రాతతో మొదలగును. కీబోర్డుపై మీటలు ఉబ్బెత్తుగా నుండును. ఎఫ్, జె అను మీటలపై చిన్న గీతలుండును; చూపుడువ్రేళ్లు వానిని తడిమి తమ స్థానమును కన్నుల సాయము లేకయే తెలిసికొనును. నున్నని గాజుపై ఆ ఆనవాలు లేదు. కన్ను వ్రేలిని కనిపెట్టియుండవలెను. తెలుగువ్రాతలో ఈ శ్రమ మరింత హెచ్చు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో స్త్రీ అను ఒక్క అక్షరమును వ్రాయుటకు ఆరు మీటలు కావలెను - సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. ఆ పద్ధతిలో గుణింతపు గుర్తులు ఎడమచేతివైపునను, హల్లులు ముఖ్యముగా కుడిచేతివైపునను ఉండుటచే, అలవాటైన పది వ్రేళ్లు ఈ ఆరింటిని తాళము వేసినట్లు వేసికొనిపోవును. గాజుపై రెండు వ్రేళ్లతో వెదకువాడు నాలుగు పంక్తుల ఉత్తరమునకే విసుగుచెందును. పైగా తెరపై వెలువడు కీబోర్డు సగము తెరను మ్రింగివేయును. వ్రాసినదానిని చూచుకొనుటకు మిగులునది కొద్దిపాటి చోటు. నోటితో చెప్పిన మాటను అక్షరములుగా మార్చు సౌకర్యము నేడు తెలుగునకును కలదు. చిన్న సందేశమునకు అది చక్కగా పనికివచ్చును. పది పుటల వ్యాసమున తప్పులు దిద్దవలసివచ్చినపుడు మరల గాజుకీబోర్డే శరణ్యము.

ఇతర పనులలోను ఇట్టి అవస్థయే. ఉద్యోగమునకో, ప్రవేశపరీక్షకో దరఖాస్తు చేయు విద్యార్థిని గమనింపుడు. ఒకచోట ప్రకటన చదువవలెను. ఒకచోట వివరములు నింపవలెను. ఫోటోను, సంతకమును నిర్ణీతమైన పరిమాణమునకు కుదించి జతపరచవలెను. చివర రసీదును భద్రపరచి ముద్రించుకొనవలెను. కంప్యూటరులో నాలుగు కిటికీలు ప్రక్కప్రక్కనే తెరచుకొనును, ఫైళ్లన్నియు ఒక్క అరలోనే యుండును. టాబ్లెటులో ఈ పని కాకపోదు గాని, ఒక యాప్‌నుండి మరియొకదానికి పోవుచు వచ్చుచు నుండవలెను; దింపుకొన్న ఫైలు ఎచ్చట దాగినదో వెదకవలెను. చేతిలో టాబ్లెటో, ఫోనో ఉండియు దరఖాస్తులకొరకు పట్టణమందలి నెట్ సెంటరుకు పోవువారు పలువురు కనబడుట ఇందువలననే. జమాఖర్చుల పట్టికలలో బాధ వేరొక రకము. మౌసు బాణము చిన్నచుక్కను సైతము తాకగలదు. వ్రేలికొన సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు. ఒక గడిని తాకబోయి ప్రక్కగడిని తాకును. శరీరమునకును శ్రమయే. తెరయు, వ్రాతస్థలమును ఒక్కటే యగుటచే, వ్రాయువాడు గంటలకొలది మెడ వంచియే యుండవలెను.

ఈ లోపములను తయారీదారులు ఎరుగనివారు కారు. 2012లో మైక్రోసాఫ్ట్ సంస్థ సర్ఫేస్ అను టాబ్లెటును కీబోర్డు అతికిన అట్టతో సహా తెచ్చెను. 2015లో ఐప్యాడుపై రెండు యాప్‌లను ప్రక్కప్రక్కన ఉంచు ఏర్పాటు వచ్చెను. 2017లో ఫైళ్లను వెదకు అర, 2020లో మౌసు వాడు సౌకర్యము, 2025లో ఇచ్చకొలది జరుపుకొనగల కిటికీలు వచ్చినవి. కీబోర్డు, ఊతబల్ల, మౌసు అన్నియు చేర్చిన టాబ్లెటును చూచినచో, లాప్‌టాపే వేరొక దారిన ఇల్లు చేరినట్లు తోచును. ఇన్ని హంగులు చేర్చిన మంచి టాబ్లెటు ధర సామాన్యమైన లాప్‌టాపు ధరను మించిపోవుటయు కలదు.

భేదము యంత్రశక్తిలో నున్నదని కొందరు తలతురు. అది నేడు పూర్తిగా నిజము కాదు. 2021లో వచ్చిన ఐప్యాడ్ ప్రో లోపల, ఆ సంస్థవారి లాప్‌టాపులలో నున్న ఎమ్1 అను చిప్పే కలదు. మెదడొక్కటే యైనను, ఒకదానిపై జరుగు పనులు రెండవదానిపై జరుగలేదు. లాప్‌టాపున యజమాని తనకు నచ్చిన ప్రోగ్రామును ఎచ్చటనుండియైనను తెచ్చి నడపవచ్చును, తానే వ్రాసియు నడపవచ్చును. టాబ్లెటులో చాలవరకు సంస్థ అంగడినుండి వచ్చినవే నడచును. 2010లో ఆపిల్ సంస్థ, స్క్రాచ్ భాషలో పిల్లలు కల్పించిన ఆటలను నడపు ఒక యాప్‌ను తన అంగడినుండి తొలగించెను. ఆ కట్టుబాట్లు తరువాత సడలినవి. 2016లో ఆ సంస్థయే ప్రోగ్రాములు వ్రాయుట నేర్పు యాప్‌ను ఐప్యాడునకు తెచ్చెను. 2019లో వెలువడిన స్క్రాచ్ మూడవరూపము టాబ్లెట్లపైనను పనిచేయును. ఐనను ఆలన్ కే వర్ణించిన పిల్లలు ఆటను విప్పి దిద్దుకొన్నంత సులభముగా నేటి బాలుడు తన టాబ్లెటులోని ఆటను విప్పలేడు. డైనాబుక్కు ఆకారము వచ్చినది. గుణము సగమే వచ్చినది.

స్టీవ్ జాబ్స్ 2010లో ఒక పోలిక చెప్పెను. వ్యవసాయప్రధానమైన దేశమున బండ్లన్నియు లారీలుగనే యుండెననియు, నగరములు పెరిగినకొలది కార్లు హెచ్చెననియు, అట్లే కంప్యూటర్లు ఇకమీదట లారీలవలె కొందరికి మాత్రమే కావలసివచ్చుననియు దాని భావము. పోలిక చక్కనిదే. కాని తెలుగుపల్లెలో ఒక ట్రాక్టరే ధాన్యమును మిల్లునకు చేర్చును, జనమును తిరునాళ్లకు తీసికొనిపోవును. ఒక్క వాహనమే గల ఇంట అది సుఖమైనదా కాదా యని గాక, బరువు లాగునా లాగదా యని చూతురు. టాబ్లెటుచే చేయదగిన పనులలో పెక్కింటిని లాప్‌టాపు కొంత మోటుగానైనను చేయగలదు. లాప్‌టాపు చేయు బరువుపనులన్నిటిని టాబ్లెటు చేయలేదు. చదువుకొను బిడ్డ గల ఇంట, ఒక్కటే కొనదలచినపుడు, పాతదైనను బాగుగా పనిచేయు లాప్‌టాపో, బల్లకంప్యూటరో కొనుట యుక్తము. బల్లకంప్యూటరైనచో మరియొక లాభమును కలదు. మెమొరీ చాలనపుడు మార్పించవచ్చును, చెడిన భాగమును తీసి క్రొత్తది వేయవచ్చును. టాబ్లెటులో బ్యాటరీ జిగురుతో అంటింపబడి యుండును. మెమొరీ పలకకే అతుకబడి యుండును.

ఇదివరకే టాబ్లెటు చేతనున్నవారు దానిని ప్రక్కకు నెట్టవలసిన పని లేదు. పెక్కు టాబ్లెట్లకు ఓ.టి.జి. అను చిన్న తీగ ద్వారా మామూలు కీబోర్డును తగిలింపవచ్చును, మౌసును చేర్చవచ్చును. టాబ్లెటును నాలుగు పుస్తకములపై, కంటి ఎత్తునకు సమముగా, గోడకానించి నిలిపినచో మెడ వంచు బాధ తప్పును. సెట్టింగులలో తెలుగు కీబోర్డును ఎంచుకొని, దినమునకు అరగంట చొప్పున కన్నులు మీటలపై పెట్టక వ్రాయుట అభ్యసించినచో, కొన్ని వారములలో వ్రేళ్లకు తోవ తెలియును. పాఠశాలలో కంప్యూటరు దొరకిననాడు ఆ వ్రేళ్లు అచ్చటను అట్లే పనిచేయును.