ఇరవై మూడు రూపాయల అనుమానం

పేపర్‌నీ, స్వామీజీనీ, కొట్టువాడినీ శంకించే రైల్వే పట్నం బిలాస్‌పూర్. డబ్బు పోయింది మాత్రం తెలిసినవాడి చేతిలో.

బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ కవిత ఒకటి రాసి పెట్టి ఉంటుంది. పేరు 'ఫాంకి', అంటే వంచన. 1918లో వచ్చిన 'పలాతక' సంపుటిలోది. జబ్బుపడిన భార్య బీనూను గాలి మార్పు కోసం తీసుకెళ్తున్న భర్త, బండి మారడానికి ఇక్కడ గంటల తరబడి ఆగాల్సి వస్తుంది. కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలని రుక్మిణి అనే కూలీ భార్య బీనూ దగ్గర మొర పెట్టుకుంటుంది. ఇవ్వమని బీనూ భర్తను అడుగుతుంది. ప్రయాణికులకు టోపీ వేయడం వీళ్లకు మామూలేనని అతని అనుమానం. రుక్మిణిని బెదిరించి, చేతిలో రెండు రూపాయలు పెట్టి పంపేస్తాడు. పాతికా ఇచ్చేశానని భార్యకు చెబుతాడు. రెండు నెలలకు బీనూ చనిపోతుంది. మిగిలిన 23 రూపాయలు ఇచ్చేద్దామని అతను మళ్లీ వస్తే రుక్మిణి అక్కడ లేదు.

అనుమానానికి గురైన మనిషి నిజమే చెప్పింది. ఎవరూ అనుమానించని పెద్దమనిషి అబద్ధమాడాడు. వందేళ్ల తర్వాత ఆ స్టేషన్ చుట్టూ పెరిగిన పట్నంలో జనం డబ్బు మునిగిన తీరు కూడా దాదాపు ఇదే.

బిలాస్‌పూర్‌కు నెల జీతం కొత్త కాదు. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఇక్కడే. బొగ్గు సంస్థ ఎస్‌ఈసీఎల్, రాష్ట్ర హైకోర్టు కూడా ఇక్కడే. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది రెండు మూడు తరాల ఊరు. ఇలాంటి చోట టీ బంకు దగ్గర నిలబడితే అమాయకులెవరూ కనిపించరు. వార్త చదివితే 'ఎవరు రాయించారో' అంటారు. స్వామీజీ వస్తే 'హుండీ ఎంత పలికిందో' అని నవ్వుతారు. కూరగాయల తూకం రెండుసార్లు చూసుకుంటారు.

అయినా ఛత్తీస్‌గఢ్‌లో వేలాది కుటుంబాలు డిపాజిట్ కంపెనీల్లో డబ్బు పోగొట్టుకున్నాయి. జనం నోట వాటన్నిటికీ 'చిట్‌ఫండ్' అనే పేరు. నిజానికి వాటిలో చాలా కంపెనీలకు చిట్టీతో సంబంధం లేదు. తెలుగువారికి తెలిసిన చీటీ పాట 1982 నాటి చట్టం కింద నడిచే వ్యవహారం. సభ్యులెవరో, పాట ఎంతకు పోయిందో అందరికీ తెలుస్తుంది. ఇవి మాత్రం స్థలమిస్తాం, లేదా గడువుకు ఇంత సొమ్మిస్తాం అంటూ వసూలు చేసిన డిపాజిట్లు.

వీటి సైజు చిన్నది కాదు. పీఏసీఎల్ అనే కంపెనీ దేశమంతటా 5.85 కోట్ల మంది నుంచి తీసుకున్న రూ.49,100 కోట్లు తిరిగి ఇవ్వాలని 2014 ఆగస్టులో సెబీ ఆదేశించింది. ఆ పని చూడటానికి సుప్రీంకోర్టు 2016లో మాజీ ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం. లోధా అధ్యక్షతన కమిటీ వేయించాల్సి వచ్చింది. విజయవాడ నుంచి నడిచిన అగ్రిగోల్డ్ రూ.6,380 కోట్లు సేకరించిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క. పత్రిక, టీవీ, క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు అన్నీ ఉన్న సహారా గ్రూపునకు చెందిన రెండు కంపెనీలను మదుపరుల సొమ్ము వాపసు చేయమని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పేపర్‌ను నమ్మని జనం పేపర్ ఉన్న కంపెనీని నమ్మారు.

కిటుకు ఎక్కడుంది? ఈ పథకాలు అమ్మేది అపరిచితుడు కాదు. పక్క క్వార్టర్ వాడో, బావమరిదో, పిల్లలకు ట్యూషన్ చెప్పే మాస్టారో. చేసే వసూలుపై అతనికి కమీషన్. అతని సొంత డబ్బూ అందులోనే ఉంటుంది కాబట్టి ముఖంలో అబద్ధం కనిపించదు. మొదటి ఏడాది గడువుకు సొమ్ము చేతికొస్తుంది. అది వెనక చేరినవాళ్ల డబ్బే అని ఎవరికీ తట్టదు. రశీదు అడిగితే 'నామీద నమ్మకం లేదా' అనే ప్రశ్న ఎదురవుతుంది. అక్కడితో అనుమానం చచ్చిపోతుంది. కంపెనీ మూతపడ్డాక జనం వెళ్లి తట్టేదీ అతని తలుపునే. పోలీసు కేసుల్లో ఇరుక్కున్నదీ చాలాచోట్ల అతనే.

లెక్క మాత్రం ఎవరినీ నొప్పించదు. 72ను ఏళ్లతో భాగిస్తే డబ్బు రెట్టింపు కావడానికి కావాల్సిన వడ్డీ సుమారుగా తెలుస్తుంది. అయిదేళ్లలో రెట్టింపు అంటే ఏటా 14 శాతం పైమాటే. దానికి ఏజెంటు కమీషన్, ఆఫీసు అద్దె కలిపితే ఆ కంపెనీ అంతకంటే ఎంతో ఎక్కువ సంపాదించాలి. ఏ వ్యాపారంలో? ఈ ఒక్క ప్రశ్న చాలు. రిజిస్ట్రేషన్ ఎవరి దగ్గర అనేది రెండోది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. 'సచేత్' అనే రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు, సంస్థకు అనుమతి ఉందో లేదో చూసుకోవచ్చు.

1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయని జనం బారులు తీరినప్పుడు, శాస్త్రవేత్తలు పాలలో కాస్త రంగు కలిపి చూపించారు. పాలు విగ్రహం మీదుగా జారి కిందికి పోతున్నాయని కంటికి కనబడింది. వాళ్లు దేవుణ్ని తిట్టలేదు, భక్తులను వెక్కిరించలేదు. పాలు ఎటు పోతున్నాయో చూశారంతే. డబ్బు విషయంలోనూ కావాల్సింది ఆ రంగు చుక్కే. అందరినీ శంకించడం తెలివి అనిపించుకోదు. డబ్బు ఎటు పోతోందో అడగడమే తెలివి. అడగాల్సింది చేయి చాచిన రుక్మిణిని కాదు, భుజం మీద చేయి వేసినవాణ్ని.