ఛాతీ మీద ‘చేవెళ్ల’

హిప్‌హాప్ పుట్టిందే కొత్త బట్టల కోసం అంటే నమ్ముతారా? 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఓ పార్టీ పెట్టింది. స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బులు కావాలి మరి! అట్టముక్కల మీద చేత్తో రాసి ఆహ్వానాలు పంచింది. టికెట్టు అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50. ఆ రాత్రి పాటలు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది దాన్నే. అంటే బట్టలూ, చేతిరాతా మొదటిరోజు నుంచే పాటతో ఉన్నాయన్నమాట.

ఇప్పుడు మొయినాబాద్ రోడ్డుకి రండి. ఇంజినీరింగ్ కాలేజీల ముందు ఎటు చూసినా ఓవర్‌సైజ్డ్ టీషర్టులే. చాలావాటి మీద బ్రూక్లిన్, లాస్ ఏంజెలెస్. నా బీరువాలోనూ అలాంటివి రెండున్నాయి. కానీ అక్కడి కుర్రాళ్లు బ్రూక్లిన్ అని వేసుకున్నది అది వాళ్ల గల్లీ కాబట్టి. 1992లో క్వీన్స్‌లో మొదలైన ‘ఫుబు’ బ్రాండ్ పేరుకి అర్థమే ‘మన కోసం, మనమే’. మనం సైజు తీసుకున్నాం, సంగతి వదిలేశాం.

మన అక్షరం ముందే గుండ్రం

బ్రాంక్స్‌లో ఫేజ్ 2 లాంటి గ్రాఫిటీ కళాకారులు గీతల్లా ఉండే ఇంగ్లిష్ అక్షరాలను బుడగల్లా ఉబ్బించారు. తెలుగుకి ఆ కష్టం లేదు, పుట్టుకతోనే గుండ్రం. మరి టీషర్టు మీద ఎందుకు కనిపించదు? కొంత మొహమాటం, కొంత టెక్నికల్ గొడవ.

‘చేవెళ్ల’నే తీసుకోండి. పైన ఏత్వం, ఎత్వం. కింద ల వత్తు. ఇంగ్లిష్ ఒకే అంతస్తులో సర్దుకుంటే మనకు మూడు కావాలి. లైన్ల మధ్య ఖాళీ ఇవ్వకపోతే వత్తు వెళ్లి కింది లైన్ నెత్తిన కూర్చుంటుంది. పాత సెట్టింగుల్లో ఉన్న ఫొటోషాప్‌లో టైప్ చేస్తే ‘ళ్’ ఒకచోట, ‘ల’ ఒకచోట పడతాయి. ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఆన్ చేస్తే కలిసిపోతాయి. ప్రింటర్‌కి పంపేముందు అక్షరాల్ని అవుట్‌లైన్లుగా మార్చేస్తే అక్కడి కంప్యూటర్లో విరగవు. రామభద్ర, బాలూ తమ్ముడు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అమ్మే టీషర్టుల మీదా వాడుకోవచ్చు.

డిజైన్లు రోడ్డు మీదే ఉన్నాయ్

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు వీసా బాలాజీకి మొక్కుకుంటే 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. హిప్‌హాప్‌కి జెర్సీ నంబర్లంటే ప్రాణం. ముందు 11, వెనక 108 వేస్తే ఇక్కడివాళ్లకి వివరణ అక్కర్లేదు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు పనుల్లో వాటిని కొట్టేయొద్దని ఏళ్ల తరబడి పోరాటం నడిచింది. ఆ ఊడలు వీపు నిండా దిగితే ఏ డ్రాగన్ బొమ్మ పనికొస్తుంది?

పెట్టుబడి భయం కూడా తగ్గింది. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్ చేయించాలి, పది ఇరవై పీసులకు గిట్టుబాటు కాదు. డీటీఎఫ్ ప్రింటింగ్‌లో ఒక్క టీషర్టు కూడా వేయించుకోవచ్చు.

పేరు ఎవరిది?

హిప్‌హాప్‌లో ఇంకొకరి స్టైల్ ఎత్తేయడాన్ని ‘బైటింగ్’ అంటారు. పెద్ద తప్పు. ఆ గొడవ బట్టల్లోనూ ఉంది. హార్లెమ్‌లో డాపర్ డాన్ 1982లో తెరిచిన షాపు పెద్ద కంపెనీల లోగోలతో కొత్త బట్టలు కుట్టి ర్యాపర్లకు ఇచ్చింది. ఆ కంపెనీల కేసుల దెబ్బకు 1992లో మూతపడింది. 2017లో గూచీ ఆయన పాత జాకెట్‌ని పోలిన డిజైన్ చూపించి తిట్లు తిన్నది. చివరికి ఆయనతోనే చేతులు కలిపింది.

మనకూ ఇదే పరీక్ష. ట్రాక్టర్ ట్రాలీల మీద, పాత షట్టర్ల మీద పెయింటర్లు రాసిన అక్షరాలు అదిరిపోతాయి. ఫ్లెక్సీలొచ్చాక వాళ్లకు పని తగ్గింది. ఫోన్లో ఫొటో తీసి ట్రేస్ చేసుకోవడం రెండు నిమిషాల పని. కానీ అది బైటింగే. ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ వీధి పెయింటర్ల రాతను ఫాంట్లుగా మార్చినప్పుడు ‘పెయింటర్ ఉమేశ్’, ‘పెయింటర్ కఫీల్’ అని వాళ్ల పేర్లే పెట్టారు. డబ్బులో వాటా కూడా ఇచ్చారు.

మీరు బ్రాండ్ మొదలుపెడుతుంటే ఇది పాటించండి. అక్షరాలు రాసిన పెయింటర్‌ని వెతికి పట్టుకోండి. కొత్తగా రాయించుకుని, అడిగినంత ఇవ్వండి. ఛాతీ మీద ఊరి పేరు, లోపల లేబుల్ మీద ఆయన పేరు. ‘మన కోసం, మనమే’ అంటే అదే కదా!