గింజలో పన్నెండేళ్ళ నిరీక్షణ

ఇంట్లో నిల్వ ఉంచిన కందులలో గుండ్రని రంధ్రం కనబడితే 'పురుగు పట్టింది' అంటాము. నిజానికి అది పురుగు లోపలికి వచ్చిన దారి కాదు, తిని వెళ్ళిపోయిన దారి. ఇదే తీరుగా మహావృక్షాల గింజలలో పెరిగే ఒక చిమ్మటను పాఠక సోదర సోదరీమణులకు పరిచయం చేయదలిచాము.

1903 మొదలుకొని మన తెలుగు జిల్లాల కూలీలు కూడా ఓడలెక్కి వెళ్ళిన ఫిజీ దీవులలో 'డాకువా' అనే చెట్టు ఉన్నది. కౌరీ జాతికి చెందిన ఈ వృక్షం 40 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. పొలుసులు పేర్చినట్లుండే దాని కాయ పండగానే కొమ్మ మీదనే విడిపోతుంది. పలుచని రెక్క గల గింజలు గాలికి ఎగిరిపోతాయి.

వాటిలో కొన్ని గింజల లోపల అగాథిఫాగా అనే చిమ్మట పిల్లపురుగు ఉంటుంది. దీనిని 1952లో న్యూజీలాండ్ శాస్త్రవేత్త డంబుల్టన్ లోకానికి తెలియజేశారు. ఇందులో రెండు రకాలే తెలుసు. ఒకటి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోను, రెండవది ఫిజీ, దాని పొరుగు దీవులలోను నివసిస్తాయి. పిల్లపురుగుకు కాళ్ళు లేవు. వాటి అవసరమూ లేదు. గింజలోని పప్పే ఆహారం, పెంకే ఇల్లు. తేనె పీల్చే చుట్టగొట్టం పెద్ద చిమ్మటకు లేదు. దానికి ఉన్నవి దవడలు. చిమ్మటల వంశాలలో అతి ప్రాచీనమైన వాటిలో ఇది ఒకటని ఇందువల్లనే గుర్తించారు.

ఆశ్చర్యకరమైన విషయం మరొకటి కలదు. మామూలుగా నిల్వ చేస్తే కౌరీ గింజ మొలకెత్తే శక్తిని త్వరలోనే కోల్పోతుంది. లోపలి పురుగు మాత్రం ఎదుగుదలను నిలిపివేసి 12 ఏళ్ళ వరకు వేచి ఉండగలదని గమనించారు. ఈ ఓర్పే దానిని గింజలతో పాటు సముద్రాలు దాటించి ఉండవచ్చునని పండితుల ఊహ.

కనుక అడవిని తిరిగి పెంచదలచినవారు సంచి నిండా ఉన్న గింజలను చూసి సంతృప్తి పడరాదు. ప్రతి రాశి నుండి కొన్నింటిని కోసి, లోపల పప్పు ఉన్నదో పురుగు ఉన్నదో చూసుకోవాలి. లేనిచో నారుమడికి పట్టిన కాలమూ శ్రమా వృథా అవుతాయి.

అలాగని ఈ చిమ్మటను శత్రువుగా భావించరాదు. తాను బ్రతికేది ఆ చెట్ల మీదనే. కలప కోసం కౌరీ వృక్షాలన్నింటినీ నరికివేసిన చోట దానికీ నిలువ నీడ ఉండదు. గింజను తినే పురుగు కంటే చెట్టును కూల్చే గొడ్డలి వల్లనే అడవికి ఎక్కువ నష్టమని మన పిల్లలకు చెప్పవలసి ఉన్నది.