యుద్ధ స్మారక మందిరం చూద్దాం

పిల్లలూ! మీరు ఉండేది బ్లాక్‌టౌన్‌లో. మీ తాతలు, అమ్మమ్మలు ఉండేది తెలుగునాట. ఆ దేశపు చరిత్ర వేరు, ఈ దేశపు చరిత్ర వేరు అని మీకు తోచవచ్చు. కాని ఆ రెండు చరిత్రలూ కలిసే చోటు ఒకటి ఉన్నది. అదే కాన్‌బెరా నగరంలోని ఆస్ట్రేలియా యుద్ధ స్మారక మందిరం. బ్లాక్‌టౌన్ నుండి కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. పదండి, చూసి వద్దాం.

ఈ మందిరం ఐన్‌స్లీ కొండ పాదాన ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఛార్లెస్ బీన్ అనే విలేఖరి ఆస్ట్రేలియా సైనికుల వెంట ఉండి వార్తలు రాసేవాడు. 1916లో ఫ్రాన్సులోని పోజియేర్ దగ్గర వేలాది సైనికులు నేలకూలడం చూశాడు. వారిని దేశం మరచిపోకూడదని తలచాడు. ఆ తలపే ఈ మందిరానికి పునాది. 1941 నవంబరు 11న దీనిని తెరిచారు. అప్పటికే రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్నది!

లోపల నడుమ కొలను, దానికి ఇరుపక్కల పొడవైన వసారాలు ఉన్నాయి. వసారాల గోడలకు కంచు పలకలు అమర్చారు. వాటి మీద మరణించిన 1,03,000 మందికి పైగా పేర్లు ఉన్నాయి. పేర్ల పక్కన హోదాలు లేవు. ఎందువల్ల? సేనాని అయినా, సిపాయి అయినా మరణంలో సమానులే. చూడవచ్చినవారు తమవారి పేరు పక్కన ఎర్రని పాపీ పువ్వు గుచ్చుతారు. ఇది మన గసగసాల జాతి పువ్వు.

ఎదురుగా గుమ్మటం గల స్మృతి మందిరం ఉన్నది. దాని గోడలను, గుమ్మటాన్ని అరవై లక్షలకు పైగా రంగు బిళ్ళలతో అలంకరించారు. ఈ చిత్రాలను రూపొందించిన నేపియర్ వాలర్ యుద్ధంలో కుడిచేతిని పోగొట్టుకున్నాడు. ఎడమచేతితో బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. ఇక్కడే, పేరు తెలియని ఒక సైనికునికి 1993లో సమాధి కట్టారు.

ఇక ప్రదర్శనశాలల సంగతి. సైనికుల దుస్తులు, ఉత్తరాలు, ఫిరంగులు, విమానాలు ఈ మందిరం భద్రపరచింది. వాటిలో ఎమ్డెన్ అనే జర్మనీ ఓడ నుండి తెచ్చిన వస్తువులు కూడా ఉన్నాయి.

ఆ ఓడకు, మనకు సంబంధం ఏమిటి? 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించింది. చమురు ట్యాంకులు మండిపోయాయి. ఎందరో ఊరు విడిచి పారిపోయారు. ఆ రోజుల్లో కోస్తా ఆంధ్ర, రాయలసీమ మద్రాసు రాజధానిలోనివే. ఆ సంవత్సరమే నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ దానిని ఓడించింది. సిడ్నీలో నలుగురు, ఎమ్డెన్‌లో 134 మంది మరణించారు. మరునాడు సిడ్నీ నావికులు గాయపడిన శత్రువులను తమ ఓడలోకి చేర్చి చికిత్స చేయించారు.

ఆ నలుగురి పేర్లు ఈ కంచు పలకల మీద ఉన్నాయి. ఆ 134 మంది పేర్లు ఇక్కడ ఉండవు. అయినా వారి కోసం కూడా తల్లులు ఎదురుచూశారు కదా! అందువల్ల ఫిరంగిని చూసినప్పుడు దాని గొప్ప ఒక్కటే తలచకండి. దీనిని పేల్చినది ఎవరు, దీని గుండు ఎవరికి తగిలింది అని కూడా అడగండి. పేర్ల గోడ దగ్గర మెల్లగా మాట్లాడండి.

కాన్‌బెరా వెళ్ళడం వీలుకాకపోతే, రైలెక్కి సిడ్నీలోని మ్యూజియం స్టేషనులో దిగండి. పక్కనే హైడ్ పార్కు. దాని మూలన ఎమ్డెన్ ఫిరంగి ఒకటి ఉన్నది. మద్రాసు కథను మీ తాతగారికి ఫోనులో చెప్పండి. ఆయనకు తెలిసిన కథలు కూడా చెప్పించుకోండి.

ప్రశ్నలు

1. కంచు పలకల మీద హోదాలు ఎందుకు రాయలేదు?
2. ఎమ్డెన్ కథలో మద్రాసుకు, ఆస్ట్రేలియాకు గల సంబంధం ఏమిటి?
3. ఓడిపోయిన శత్రువులకు సిడ్నీ నావికులు చేసిన సాయాన్ని గురించి మీ మాటల్లో రాయండి.