కడుపునొప్పి బిళ్ళ కడుపులోనే ఆగదు

కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తే మందుల షాపుకు వెళ్ళి "కడుపునొప్పి బిళ్ళ ఇవ్వండి" అని అడగడం మనలో చాలామందికి అలవాటు. అలా అడిగినప్పుడు తరచుగా చేతికి వచ్చేది డైసైక్లోమిన్ అనే మందు. సైక్లోపామ్ బిళ్ళలో ఇది పారాసెటమాల్‌తోను, మెఫ్తాల్-స్పాస్ బిళ్ళలో మెఫెనమిక్ యాసిడ్‌తోను కలిసి ఉంటుంది. నెలసరి నొప్పికి కూడా చాలామంది దీన్ని వాడతారు. ఇది మంచి మందే, అవసరమైనప్పుడు మేమూ రాస్తాం. కాని ఎవరికి, ఎప్పుడు పనికిరాదో తెలియకుండా వాడితే ప్రాణం మీదికి తెస్తుంది.

ఎలా పనిచేస్తుంది?

మన పేగుల గోడల్లో కండరాలు ఉంటాయి. ముడుచుకోమని నరాలు వాటికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా కబురు పంపుతాయి. కండరాలు మరీ బిగిస్తే మెలిపెట్టే నొప్పి వస్తుంది. డైసైక్లోమిన్ ఆ కబురు అందకుండా అడ్డుపడుతుంది. బిగువు సడలి, నొప్పి తగ్గుతుంది. ఇలాంటి వాటిని యాంటీకోలినెర్జిక్ మందులు అంటారు.

అయితే ఆ రసాయనం పని పేగులతో అయిపోదు. నోట్లో ఉమ్మి ఊరాలన్నా, చెమట పట్టాలన్నా, మూత్రం సాఫీగా రావాలన్నా, దగ్గరి చూపు ఆనాలన్నా, జ్ఞాపకశక్తి సరిగా ఉండాలన్నా అదే కావాలి. అందుకే ఈ బిళ్ళ వేసుకున్న వారిలో కొందరికి నోరు ఎండుతుంది, చూపు మసకబారుతుంది, తల తిరుగుతుంది, మలబద్ధకం చేస్తుంది. ఉమ్మెత్త కాయ తిన్నవారికి నోరు పిడచకట్టి, కంటిపాపలు పెద్దవై, మతి తప్పి మాట్లాడడం మన పల్లెల్లో తెలిసినదే. ఉమ్మెత్త విషం అడ్డుకునేదీ ఈ రసాయనాన్నే. మామూలు మోతాదులో డైసైక్లోమిన్ దానికన్నా చాలా మెతక. మోతాదు మించితే మాత్రం అవే లక్షణాలు కనిపిస్తాయి.

పసిబిడ్డలకు వద్దు

సాయంత్రం కాగానే నెలల బిడ్డ కాళ్ళు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి మనసు ఆగదు. పక్కింటివారు చెప్పిన చుక్కల మందు తెచ్చి వేస్తారు. ఈ ఏడుపు సాధారణంగా 2, 3 వారాల వయసులో మొదలై, 6వ వారానికి ఎక్కువై, 3, 4 నెలలకు దానంతట అదే తగ్గిపోతుంది. డైసైక్లోమిన్ 6 నెలలు నిండని బిడ్డలకు ఇవ్వకూడని మందు. అంటే బిడ్డ అలా ఏడ్చే కాలమంతా ఈ మందు పనికిరాదన్నమాట. దీన్ని వాడిన పసికందుల్లో కొందరికి ఊపిరి అందకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం జరిగాయని, కొందరు చనిపోయారని 1980లలో వైద్య పత్రికల్లో వచ్చింది. పాలిచ్చే తల్లులు కూడా దీన్ని వేసుకోకూడదు.

బిడ్డకు పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. ఎత్తుకుని తిప్పండి. పచ్చని వాంతులు, మలంలో రక్తం, జ్వరం, పాలు తాగకపోవడం, పొట్ట ఉబ్బడం వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇంకా ఎవరు జాగ్రత్తపడాలి?

నీటికాసులు ఉన్నవారు, ప్రోస్టేట్ వాపు వల్ల మూత్రం కష్టంగా వచ్చేవారు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ బిళ్ళ వేసుకోవద్దు. పెద్ద వయసు వారిలో ఇది తికమక, మగత కలిగించి, పడిపోయేలా చేయవచ్చు. అమెరికాలోని వృద్ధుల వైద్య నిపుణుల సంఘం పెద్దవారికి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితాలో దీన్ని చేర్చింది. జలుబు, దురదలకు వాడే అవిల్ వంటి బిళ్ళలు, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా ఇదే పని చేస్తాయి. అన్నీ కలిస్తే ప్రభావం పెరుగుతుంది.

ఎండాకాలంలో మరో ముప్పు ఉంది. చెమట తగ్గితే ఒంట్లో వేడి బయటకు పోదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అలాంటి ఎండల్లో కూలిపనికి వెళ్ళేవారు ఈ బిళ్ళ వేసుకుని పొలంలో దిగితే వడదెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ.

మెఫెనమిక్ యాసిడ్ కలిసిన బిళ్ళ గురించి ఇంకొక మాట. ఆ మందు వల్ల అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం వచ్చి కాలేయం వంటి అవయవాలు దెబ్బతినవచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది. దద్దుర్లు కనిపిస్తే బిళ్ళ ఆపి డాక్టరును కలవండి.

నొప్పి తగ్గినా జబ్బు ఉండవచ్చు

బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి జారితే అది అపెండిసైటిస్ కావచ్చు. పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే పేగు అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు పేగులను సడలించే మందు వేస్తే మేలు జరగదు, ఆపరేషన్‌కు ఆలస్యమవుతుంది. జ్వరంతో విరేచనాలు అవుతుంటే కూడా ఈ బిళ్ళ వద్దు. ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ తీసుకురండి.

ఈ మందు వేసుకున్నవారికి ఒళ్ళు కాలిపోతూ చెమట పట్టకపోయినా, మాట తడబడినా, మూత్రం బంద్ అయినా 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు బిళ్ళల అట్ట వెంట తెండి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని వేసుకున్నారో తెలిస్తే మేము వెంటనే వైద్యం మొదలుపెట్టగలుగుతాం.