'ఓన్లీ' అను మాట – మన ఏకారము

ఆంగ్లభాషలో మనకు నిత్యము వినవచ్చు క్రియావిశేషణములలో 'ఓన్లీ' ఒకటి. ప్రాథమిక పాఠశాల పిల్లలకు సైతము తెలిసిన మాటయే. అయినను, బళ్లారి ప్రాంతములో ఇరువది ఏండ్లుగా ఆంగ్లము బోధించుచున్న నా అనుభవములో, మనవారిని ఇంతగా తికమకపెట్టిన మాట మరొకటి లేదు.

కొన్నేండ్ల క్రిందట నా శిష్యురాలు ఒకతె ఉద్యోగమునకై ఇంటర్వ్యూకు వెళ్లినది. ఇంటిలో ఏ భాష మాట్లాడుదురని అడుగగా, "వి స్పీక్ తెలుగు ఓన్లీ" అని బదులు చెప్పినది. 'మేము తెలుగే మాట్లాడుదుము' అని ఆమె భావము. "కన్నడము రాకుండ ఇక్కడ పని యెట్లు చేయుదువు?" అని వారు మరల అడిగినప్పుడు గాని పొరపాటు తెలియలేదు. పదవ తరగతి వరకు కన్నడములోనే చదివిన పిల్ల! ఆ కంగారులో మిగిలిన ప్రశ్నలకు సరిగా చెప్పలేక తిరిగివచ్చినది.

పొరపాటు ఎక్కడ జరిగినది? మన ఏకారము రెండు పనులు చేయును. 'నేను ఇక్కడే ఉన్నాను' అన్నప్పుడు మాటను నొక్కి చెప్పును. 'అతడొక్కడే వచ్చెను' అన్నప్పుడు ఇతరులను మినహాయించును. కన్నడములోని ఏకారము, తమిళములోని 'దాన్' కూడ ఇట్లే మాటను నొక్కి చెప్పును. ఆంగ్లములోని 'ఓన్లీ'కి ముఖ్యమైన పని రెండవదియే. 'ఒకటి' అను అర్థముగల పాత ఆంగ్లపదము నుండి పుట్టిన మాట గనుక మినహాయింపు దాని స్వభావము. నొక్కి చెప్పుటకు వారు 'రైట్ హియర్' వంటి మాటలను వాడుదురు, లేదా కంఠస్వరమును హెచ్చింతురు. ఆ బాలిక "వి స్పీక్ తెలుగు ఎట్ హోమ్" అనియుండిన చాలును.

వాక్యములో దాని స్థానమును కూడ గమనింపవలెను. "టేక్ ఓన్లీ దిస్ టాబ్లెట్ ఎట్ నైట్" అనగా రాత్రిపూట ఈ మాత్ర ఒక్కటే వేసుకొనవలెను, వేరొకటి కూడదు. "టేక్ దిస్ టాబ్లెట్ ఓన్లీ ఎట్ నైట్" అనగా ఈ మాత్రను రాత్రిపూట మాత్రమే వేసుకొనవలెను, పగలు కూడదు. మాట కొంచెము జరిగినంతనే వైద్యమే మారిపోవును. ఇంటిలోని పెద్దలకు మందుచీటి చదివి చెప్పు పిల్లలు ఈ భేదమును తప్పక తెలిసికొనవలెను.

మరికొన్ని ప్రయోగములు చూడుడు. "హి కేమ్ ఓన్లీ ఎస్టర్‌డే" అనగా నిన్ననే వచ్చెను, అంతకుముందు రాలేదు; ఇక్కడ మన ఏకారము చక్కగా సరిపోవును. "ఓన్లీ ఇఫ్ యు కమ్" అనగా 'నీవు వచ్చిననే'. "ఇఫ్ ఓన్లీ యు హాడ్ కమ్" అనగా 'నీవు వచ్చియుండిన ఎంత బాగుండెడిది!' అని విచారము. "ఓన్లీ టూ గ్లాడ్" అన్నచో కొద్దిపాటి సంతోషము కాదు, మిక్కిలి సంతోషము. చెక్కుపై "ఫైవ్ హండ్రెడ్ ఓన్లీ" అని వ్రాయుట ఆ మొత్తము తక్కువని చెప్పుటకు కాదు. ఆ పిదప ఎవరును మరొక అంకె చేర్చకుండుటకు.

విద్యార్థులకు నేను చెప్పు ఉపాయము ఒకటి కలదు. 'ఓన్లీ' అనుటకు ముందు, ఆ వాక్యమును మనసులో తెలుగున 'మాత్రమే' చేర్చి పలుకుడు. భావము చెడనిచో వాడుడు, చెడినచో విడువుడు. 'మేము తెలుగు మాత్రమే మాట్లాడుదుము' అని ఒక్కసారి అనుకొనియుండిన, ఆ బాలికకు తన తప్పు వెంటనే తెలిసియుండెడిది.

మనలో మనము "ఐ యామ్ కమింగ్ టుమారో ఓన్లీ" అనుకొనుట నేరము కాదు, అది మన మాతృభాష పలుకుబడి. కాని దరఖాస్తులోను, ఇంటర్వ్యూలోను ఎదుటివారు వినునది మన భావమును కాదు, మన మాటను. మూడు భాషలు నేర్చిన సరిహద్దు పిల్లలు ఒక్క మాట వలన ఏకభాషులుగా లెక్కింపబడరాదు.