తేనీరు: ఫాంటమా, క్వాథమా?

ప్రపంచంలో మంచినీటి తరువాత ఎక్కువమంది త్రాగే పానీయం తేనీరే. అయినా దాని పుట్టుక ఔషధంగానే జరిగింది. చైనాలో మొదట దీనిని మందుగా వాడారు. జపానులో ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు 1211లో తేనీటి ఆరోగ్య గుణాలపై ప్రత్యేకించి ఒక గ్రంథమే రచించాడు. మన దేశంలో రాబర్ట్ బ్రూస్ 1823లో అస్సాం అడవులలో తేయాకు మొక్కను గుర్తించాడు. 1839లో అస్సాం తేయాకు లండనులో వేలానికి వచ్చింది.

పేరులోనూ చరిత్ర దాగి ఉన్నది. భూమార్గాన పారశీక దేశం మీదుగా వచ్చిన మాట ‘చాయ్’. ఓడలమీద వచ్చిన మాట ‘తే’. మన తేయాకు, తేనీరు రెండవదాని సంతానం. హైదరాబాదు మాత్రం చాయ్‌నే వరించింది. బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చిన ఇరానీయులు హోటళ్లు తెరచి ఇరానీ చాయ్‌ను ప్రసిద్ధం చేశారు. ఇరానులో పాలు కలపరు. చక్కెర పలుకు నోట ఉంచుకొని త్రాగుతారు. చిక్కగా కాగిన పాలు ఇక్కడి చేర్పు.

ఆయుర్వేద దృష్టితో చూస్తే ఒక భేదం కనిపిస్తుంది. వేడినీటిలో ద్రవ్యాన్ని కొంతసేపు నానబెట్టి వడగట్టేది ఫాంటం. పదహారు పాళ్ల నీటిలో వేసి ఎనిమిదవ వంతు మిగిలేదాకా మరిగించేది క్వాథం, అనగా కషాయం. చైనా, జపాను తేనీరు ఫాంటానికి దగ్గర; మూతపెట్టి చాలాసేపు కాచే ఇరానీ డికాషన్ క్వాథానికి దగ్గర. ఎంత మరిగితే అంత వగరు దిగుతుంది. ఆ వగరును పాలు, చక్కెర కప్పివేస్తాయి గనుక నాలుకకు తెలియదు.

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలలో కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాలనుండి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలను చూసినప్పుడు నాకు ఆందోళన కలుగుతుంది. ఉదయం ఫలహారానికి బదులు చాయ్, రెండు బిస్కట్లు. భోజనం ముగియగానే మరల చాయ్. తేనీటిలోని టానిన్లు కూరగాయలు, పప్పులలోని ఇనుమును శరీరానికి అందనీయవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. శాకాహారమే ప్రధానమైన ఇళ్లలో ఈ అలవాటు మరింత నష్టం.

చాయ్ మానమని నేను చెప్పను. భోజనానికి ముందు, తరువాత కనీసం గంట వ్యవధి ఉంచండి. ఇనుము మాత్రలను తేనీటితో మ్రింగకండి. భోజనంలో నిమ్మరసమో, ఉసిరికాయో చేర్చండి. ఇనుము బాగా ఒంటబడుతుంది. నిద్రపట్టనివారు సాయంకాలం తరువాత త్రాగరాదు.

మూడవ కప్పుకు మనసైనప్పుడు ధనియాల కాఫీ ప్రయత్నించండి. చెంచాడు ధనియాల పొడి, చిటికెడు శొంఠి ఒకటిన్నర కప్పు నీటిలో వేసి కప్పు మిగిలేదాకా మరిగించి, వడగట్టి, బెల్లం కలపండి. ఇది చాయ్‌కి బదులే గాని రక్తహీనతకు మందు కాదు. నీరసం, ఆయాసం, పాలిపోయిన గోళ్లు కనిపిస్తే ముందుగా రక్తపరీక్ష చేయించుకొని వైద్యుని సంప్రదించండి.